కేంద్రం ఖర్చుల సర్వేకి మా ఇల్లు ఎంపికైంది: మూడు నెలలు ఏం అడిగారు, తర్వాత ఏం జరిగింది

గృహ వినియోగ వ్యయ సర్వే అని కేంద్ర ప్రభుత్వం చేస్తుంది. జనం దేని మీద ఎంత ఖర్చు పెడుతున్నారో తెలుసుకునే సర్వే. 2024లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ సర్వేలో మా ఇల్లు ఉంది. ఇల్లు ఎంపికైందని తెలిసిన రోజు దీని గురించి ఎవరైనా తెలుగులో రాశారేమో అని మా పెద్దమ్మాయి ఫోన్‌లో చాలాసేపు వెతికింది. సర్వే అంటే ఏమిటో రాసినవి దొరికాయి గానీ ఇంటికి వచ్చి కూర్చుంటే ఏం జరుగుతుందో రాసినవి ఒక్కటీ దొరకలేదు. అందుకే రాస్తున్నాను. లెక్కలు బయటికి వచ్చాక రాద్దామని ఆగాను, అవి డిసెంబరు 27న వచ్చాయి.

మాది తిరుపతి కొర్లగుంట, అద్దె ఇల్లు. ఐదుగురం ఉంటాం. మా ఆయనకి అప్పు మీద కొన్న ట్యాక్సీ ఉంది, స్టేషన్ నుంచి కొండకి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి తిప్పుతారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. అత్తకి పింఛను వస్తుంది. పెద్దమ్మాయి డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతోంది, చిన్నోడు అప్పుడు గవర్నమెంటు స్కూల్లో ఎనిమిదో తరగతి.

ఫిబ్రవరి మొదట్లో మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఒక అబ్బాయి మా వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. ఆ రోజు అడిగినవి తక్కువే. ఇంట్లో ఎంతమంది, ఇంటి పెద్ద ఎవరు, సొంతానికి వాడుకునే కారు ఉందా, ఇలాంటివి. మేము ట్యాక్సీ ఉందన్నాం. ఎల్లో ప్లేటా అని అడిగి, అయితే అది సంపాదనకి వాడే బండి, ఇది వేరే అన్నాడు. మా బ్లాకులో ఇళ్ళన్నీ రాసుకుని వాటిలోంచి 18 ఇళ్ళు తీస్తామని, అది లాటరీ లాంటిదని, ఎవరి ఇల్లు కావాలో తన చేతుల్లో లేదని చెప్పి వెళ్ళాడు. కొన్ని రోజులకు మళ్ళీ వచ్చి "అక్కా, మీ ఇల్లు వచ్చింది" అన్నాడు.

ఆ మాట విన్నాక మా ఇంట్లో టెన్షన్ మొదలైంది. అప్పుడున్న వాతావరణం గుర్తు చేసుకోండి. ఎన్నికలు దగ్గర పడ్డాయి, మేలో పోలింగు. ఆ నెలల్లో వీధిలోకి రోజూ ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వచ్చి ఎవరికి ఓటేస్తారు, ఏ పథకం అందింది అని అడిగేవారు. ఇతనూ ఆ బాపతే అనుకున్నాం. దానికి తోడు బియ్యం కార్డుకీ పింఛనుకీ మన దగ్గర ఆరు అంచెల పరిశీలన ఒకటుంది కదా. పట్నంలో కుటుంబానికి నెలకు 12 వేల ఆదాయం హద్దు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, ట్యాక్సీ ఆటో తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఈ రోజుల్లో తిరుపతిలో అద్దె, పాలు, బియ్యం, కూరగాయలకే 12 వేలకు దగ్గరగా అవుతుంది. ఆ హద్దు ఎవరు ఏ లెక్కన పెట్టారో గానీ, అది ఉన్నంతకాలం ఏ ఇంట్లోనూ ఖర్చు గురించి నోరు విప్పాలంటే భయమే. కందిపప్పు ఎంత వాడతారు అని అడిగినా మా అత్తకి వినిపించేది పింఛను పోతుందనే. పక్కింటావిడ నన్ను పక్కకి పిలిచి, సగం చెప్పు చాలు, మాంసం అసలు చెప్పొద్దు అంది. ఆవిడ మంచి కోరే చెప్పింది, ఆవిడని తప్పు పట్టను.

మా ఆయన మొదట వార్డు సచివాలయానికి వెళ్ళి అడిగారు. ఇది మాది కాదు, కేంద్రం గణాంకాల శాఖది అన్నారు. తర్వాత ఆ సర్వే తమ్ముడు వచ్చినప్పుడు గేటు దగ్గరే నిలబెట్టి మా అమ్మాయి అరగంట ప్రశ్నలు వేసింది. అతను విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పాడు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కింద మనం చెప్పింది మన పేరుతో బయటపెట్టకూడదట, పన్నులకీ పథకాలకీ వాడకూడదట. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ ఏవీ అడగనన్నాడు. చివరిదాకా అడగలేదు కూడా. నన్ను ఆశ్చర్యపరిచిన ఇంకో సంగతి, మీ ఆదాయం ఎంత అనే ప్రశ్న ఈ సర్వేలో లేదు. అడిగేదంతా వాడకం, ఖర్చు.

ఆ రాత్రి ఇంట్లో మాట్లాడుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాలని అనుకున్నాం. అత్త ఒప్పుకోలేదు, ఊరుకుంది అంతే.

మొదటి విడత ఫిబ్రవరి 19, సోమవారం. తిండి లెక్క. ముందు ఇంటి వివరాలు: ఎవరెవరు, వయసు, చదువు, ఏం పని, కులం ఏ వర్గంలోకి వస్తుంది, భూమి ఉందా, వంట దేని మీద, ఏ రంగు కార్డు, ఇంటర్నెట్ ఎవరు వాడతారు. అది త్వరగానే అయిపోయింది. తర్వాత తిండి దగ్గర మొదలైంది అసలు కష్టం. నేను మామూలుగా ఆలోచించేది నెలకు ఒక బస్తా, వారానికి ఇంత కూరగాయల డబ్బు అని. అతనికి కావాల్సింది అది కాదు. బియ్యం, పప్పులు, చక్కెర, ఉప్పు లాంటివి గడిచిన 30 రోజుల్లో ఎంత వాడారు. నూనె, కూరగాయలు, పండ్లు, గుడ్లు, మాంసం, మసాలా దినుసులు, బయట తిన్న టిఫిన్లు గడిచిన 7 రోజుల్లో ఎంత. ఎన్ని కిలోలు, ఎంత డబ్బు, రెండూ చెప్పాలి. అదీ కొన్న లెక్క కాదు, వండి తిన్న లెక్క. 26 కిలోల సోనా మసూరి బస్తా కొన్నానంటే, అందులో ఈ 30 రోజుల్లో పొయ్యెక్కింది ఎంత అని అడిగాడు. నేను లేచి డబ్బాలో ఎంత మిగిలిందో చూసొచ్చి చెప్పాల్సి వచ్చింది. మొదటి పది నిమిషాల్లోనే అర్థమైంది, ఈ సర్వేకి వంట చేసేవాళ్ళు ఇంట్లో ఉండాలి. మగవాళ్ళు ఒక్కరే ఉండి జవాబు చెబితే నెలకు 15 వేలండీ అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

కార్డు మీద అప్పట్లో బండిలో వచ్చిన బియ్యం వేరే రాశారు. మనిషికి 5 కిలోలు, ఐదుగురికి 25. అవి మాకు ఇడ్లీ దోసెల పిండికీ, సంగట్లోకీ పోతాయి. డబ్బులు కట్టలేదు కాబట్టి ఉచితం కింద, ఎన్ని కిలోలు వాడామో మాత్రం రాసుకున్నాడు. మా అమ్మవాళ్ళ ఊరి నుంచి వచ్చిన చెనక్కాయలు, చింతపండు కూడా అడిగాడు. పుట్టింటి నుంచి వచ్చింది ఖర్చెలా అవుతుంది అన్నాను. మీరు కొనకపోయినా తిన్నారు కదక్కా, ఇక్కడ అంగట్లో ఎంత రేటో ఆ లెక్కన రాస్తాం అన్నాడు. మా అమ్మ పంపే మూటకి ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ధర కట్టలేదు. కట్టి చూస్తే ఆ నెలకే ఏడెనిమిది వందలైంది. అది విన్నాక కొంచెంసేపు నాకు మాట రాలేదు.

ఆ వారం మామూలు వారం కాదు. 16న రథసప్తమి. కొండ మీద రద్దీ, మా ఆయన మూడు రోజులు సరిగా ఇంటికే రాలేదు, టిఫిను భోజనం అన్నీ బయటే. ఇంట్లో పరమాన్నం, చిక్కుడుకాయ కూర చేశాం గానీ ఒక మనిషి తిండి తగ్గింది. ఈ వారం చూసి మమ్మల్ని అంచనా వేస్తే తప్పు కదా అని అడిగాను. ఒక్కో ఇంటికి ఒక్కో వారం పడుతుంది, అన్ని ఇళ్ళూ కలిపితే పండగ వారాలూ ఉత్త వారాలూ అన్నీ వస్తాయి, మీరు సర్దకండి, జరిగింది జరిగినట్టు చెప్పండి అన్నాడు. బయట తిన్నది నాకు తెలియదు కాబట్టి మా ఆయనకి ఫోన్ చేశాం. ఆయన అలిపిరి దగ్గర క్యూలో ఉండి, టీలతో సహా గుర్తు చేసుకుని చెప్పారు. రోజుకు ఆరు టీలని నాకు అప్పుడే తెలిసింది. కస్టమర్లతో పాటు కొండ మీద అన్నప్రసాదంలో తిన్న పూటలు విడిగా రాసుకున్నాడు, చిన్నోడు స్కూల్లో మధ్యాహ్నం తినే భోజనం కూడా విడిగా. ఏ భోజనం ఇంటిది, ఏది డబ్బిచ్చి బయట తిన్నది, ఏది ఉచితం అని వేరు చేస్తారు. మా ఇంట్లో ఆ నెల ఏ శుభకార్యమూ లేదు, ఉంటే బంధువులకు పెట్టిన భోజనాలు కూడా లెక్కకి వస్తాయట.

తెల్లగడ్డల దగ్గర నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ఫిబ్రవరిలో తెల్లగడ్డలు కిలో 400 పలికాయి. మామూలుగా పావుకిలో తెచ్చేదాన్ని 50 గ్రాములు తెచ్చి, రసానికి రెండు రెబ్బలే వేస్తున్నాను. 50 గ్రాములు అని చెప్పడానికి నాకే చిన్నతనంగా అనిపించింది. అతను మాత్రం అది కూడా జాగ్రత్తగా ట్యాబ్‌లో ఎక్కించుకున్నాడు. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, టమేటా, కరివేపాకు దాకా ఒక్కొక్కటీ అడిగాడు. కరివేపాకు పక్కింటి చెట్టుది, దానికీ ఒక గడి ఉంది.

మాంసం దగ్గరికి వచ్చేసరికి పక్కింటావిడ మాట గుర్తొచ్చింది. అత్త నావైపే చూస్తోంది. ఆదివారం కిలో కోడి తెచ్చామని చెప్పేశాను. పెద్దగా ఏమీ జరగలేదు, తర్వాత ప్రశ్న చేపలు.

మొత్తం రెండు గంటలకు దగ్గరగా పట్టింది. ఆ పొద్దున ఇవ్వాల్సిన రెండు జాకెట్లు సాయంత్రానికి జరిగాయి, ఒకావిడ కోప్పడి పోయింది. డబ్బు పరంగా మాకు నష్టం అంటే అదే. సర్వేకి మనం కట్టేదేమీ లేదు, వాళ్ళిచ్చేదీ ఏమీ ఉండదు. వెళ్ళేటప్పుడు వచ్చే నెల కరెంటు బిల్లు, ఫోన్ రీఛార్జి మెసేజీలు, మందుల చీటీలు, కాలేజీ ఫీజు రసీదులు ఉంచుకోమని చెప్పాడు. ఇది ముందే చెప్పడం చాలా మేలైంది.

రెండో విడత మార్చి 20. ఈసారి తిండి కాకుండా మిగతా రోజువారీ ఖర్చులు, సేవలు. అద్దె, కరెంటు, గ్యాసు, సబ్బులు, పేస్టు, బస్సు చార్జీలు, పెట్రోలు, ఫోను, కేబులు, ఫీజులు, డాక్టరు, మందులు. గ్యాసు దగ్గర చిక్కు వచ్చింది. మార్చి 8న శివరాత్రి రోజు సిలిండరు మీద వంద తగ్గించారు. మేము సిలిండరు అంతకు ముందే పాత రేటుకి తీసుకున్నాం, మాకు నెలన్నర వస్తుంది. కొన్నది ఎప్పుడైనా సరే, ఈ 30 రోజుల్లో కాలిందెంతో అంత లెక్క అన్నాడు. సిలిండరులో మూడింట రెండొంతులు రాశాం.

ట్యాక్సీ డీజిలు రాయలేదు, అది వ్యాపారం ఖర్చు. స్కూటీ పెట్రోలు రాశారు. నా మిషను దారాలు, కాన్వాసు, హుక్కులు కూడా రాయలేదు. బండి కంతు, చీటీ, ఒకాయనకి కట్టే వడ్డీ ఇవేవీ అడగలేదు. నేనే ఉండబట్టలేక చెప్పాను, నెలకు అన్నిటికంటే పెద్ద భారం అదే తమ్ముడూ, అది రాసుకోవా అని. అప్పు తీర్చడం, పొదుపు చేయడం వినియోగం కిందికి రావు, ఈ సర్వే వాడుకున్న దాని గురించే, అప్పుల గురించి వేరే సర్వే ఉంటుంది అన్నాడు. లెక్క ప్రకారం సరైందే కావచ్చు. నాకు మాత్రం అక్కడ గట్టిగా అనిపించింది: మా ఇంట్లో పాలు ఎన్ని పోయించుకోవాలో తేల్చేది ఆ కంతే. పాలు రాసుకుని కంతు వదిలేస్తే మా నెల సగమే కనిపిస్తుంది.

డాక్టరు ఖర్చు రెండు రకాలుగా అడిగారు. మామూలు మందులు, ఓపీ అయితే 30 రోజులవి, ఆస్పత్రిలో పడుకున్నది అయితే 365 రోజులవి. అత్తకి అంతకు ముందు దసరా అప్పుడు ఆపరేషన్ అయింది. ఆరోగ్యశ్రీలో జరిగింది కాబట్టి మా చేతి నుంచి పోయింది మాత్రమే రాశారు: ఆటోలు, బయట కొన్న మందులు, పరీక్షలు. ఏడాది వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోవడం కష్టం. మందుల చీటీలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉండబట్టి బతికాం.

పొగాకు, ఆకు వక్క, మద్యం ప్రశ్నలు ఈ విడతలోనే వచ్చాయి, గడిచిన వారానికి. అత్త ముందు మా ఆయన సంగతి చెప్పాలంటే నాకు ఇబ్బందే. ఆ తమ్ముడు అది గమనించాడనుకుంటా, మంచినీళ్ళు అడిగి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అడిగాడు. ఉన్నది చెప్పాను. తిరిగి వచ్చి "అవ్వా, ఆకు వక్కకి వారానికి ఎంత పెడతావు?" అని అత్తనే అడిగాడు. అప్పటిదాకా మూతి ముడుచుకుని కూర్చున్న మనిషి లెక్క విప్పింది. ఆకులెంత, వక్కలెంత, సున్నమెంత, గుడి దగ్గర పూలకెంత, పిల్లోడికి ఎవరికీ తెలియకుండా ఇచ్చే పది రూపాయలు. ఆమె పింఛను అప్పుడు 3,000. అందులోంచి ఇంటి కూరగాయలకి కూడా ఆమే కొన్ని రోజులు ఇస్తోందని ఆ రోజు లెక్కల్లో తేలింది. తోపుడు బండి అతను నాకు తక్కువ రేటుకి ఇస్తున్నాడని నేను అనుకుంటూ ఉన్నాను. ఈ సర్వేలో నాకు దక్కింది ఏమిటని అడిగితే ముందు ఇదే చెబుతాను. ఆ రోజు నుంచి అత్త కూడా నా పక్కన కూర్చుని జవాబులు చెప్పింది.

ఈ మధ్యలో ఒకరోజు పై అధికారి ఒకాయన వచ్చి కొన్ని ప్రశ్నలు మళ్ళీ అడిగి సరిచూసుకున్నారు. ముందే చెప్పి ఉంటే బాగుండేది, మేము భయపడిపోయాం, ఏదో తప్పు దొరికిందని. అలాంటిదేమీ కాదు, అది మామూలు తనిఖీనే.

మూడో విడత ఏప్రిల్ 19, శ్రీరామనవమి అయిన రెండో రోజు. బట్టలు, చెప్పులు, దుప్పట్లు, ఇంట్లో సామాన్లు, నగలు. అన్నీ 365 రోజులకి. ఇది ఎక్కువసేపు పట్టలేదు గానీ గుర్తు చేసుకోవడం దీనికే కష్టం. సంక్రాంతి బట్టలు, ఉగాది బట్టలు, అమ్మాయి కాలేజీ డ్రెస్సులు, తువ్వాళ్ళు, బ్లాంకెట్టు. ఆన్‌లైన్‌లో కొన్నవి వేరే అడిగారు, దానికి అమ్మాయి ఫోన్‌లో ఆర్డర్ల లిస్టు తీసి చకచకా చెప్పేసింది. కాగితం కంటే అదే తేలిక. చిన్నోడికి స్కూల్లో ఇచ్చిన యూనిఫాం, బూట్లు, ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబ్ ఉచితంగా వచ్చిన వాటిలో రాశారు. మేము ఆ ఏడాది కొన్న పెద్ద వస్తువు ఫ్రిజ్, 18 వేలు. కొన్న నగలేమీ లేవు. తాకట్టులో ఉన్న గాజుల గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు.

లేచేటప్పుడు ఇంక రానక్కా, థ్యాంక్స్ అన్నాడు. ఎండలో వచ్చాడు, మజ్జిగ ఇచ్చాం. ఎన్ని ఇళ్ళకి తిరుగుతావు అని అత్త అడిగితే, ఒక్కో బ్లాకులో 18 ఇళ్ళు అవ్వా, ఒక్కో ఇంటికి మూడుసార్లు, కొన్ని ఇళ్ళలో తలుపు తీయరు అన్నాడు. తాను కాంట్రాక్టు మీద చేస్తున్నానన్నాడు. మన దేశం మొత్తం లెక్క ఇలాంటి పిల్లల కాళ్ళ మీద నడుస్తోంది. వాళ్ళని గేటు బయట నిలబెట్టి మాట్లాడతాం మనం.

తర్వాత ఎదురుచూపులు. కార్డుకి ఏమైనా అవుతుందేమో అని అత్త నెల నెలా చూసింది. బియ్యం వచ్చాయి, పింఛను వచ్చింది. జులై 1న పింఛను 4,000 చేసి, ఏప్రిల్ నుంచి పెంచిన వెయ్యి చొప్పున కలిపి 7,000 చేతికిచ్చారు. ఆ రోజు అత్త పక్కింటావిడని పిలిచి చూపించింది. నేను చెప్పినా నమ్మరు గానీ, సర్వేలో అంతా చెప్పేసిన మా ఇంటికి ఏ నోటీసూ రాలేదు, ఎవరూ వచ్చి అడగలేదు.

ఆగస్టు 2023 నుంచి జులై 2024 దాకా ఏడాది పాటు దేశమంతా సర్వే జరిగిందట. మా విడత అయిన ఎనిమిది నెలలకి, డిసెంబరు 27న, ఫలితాలు వచ్చాయి. ఆ సాయంత్రం మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి చూపించింది. మొత్తం 2,61,953 ఇళ్ళని అడిగారు. అందులో ఒకటి మాది. నెలకు ఒక మనిషి ఖర్చు దేశం మొత్తం మీద పల్లెల్లో 4,122, పట్నాల్లో 6,996 రూపాయలు. మన ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో 5,327, పట్నాల్లో 7,182. అమ్మాయి మా జవాబులు గుర్తున్నంత మేరకు వేసి లెక్క కట్టింది. వారానివి నెలకి మార్చింది, ఏడాదివి పన్నెండో వంతు చేసింది. 18 వేల ఫ్రిజ్ నెలకు 1,500, మనిషికి 300 అయింది. అన్నీ కలిపితే ఇంటికి 29 వేలు, తలకు 5,800 దాకా తేలింది.

మా ఆయన ఆ అంకె చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, సగటు కంటే మనం ఇంత తక్కువా అన్నారు. ఆయన బాధ నాకర్థమైంది, పొద్దున నాలుగింటికి బండి తీసే మనిషి. అప్పుడు అమ్మాయి ఇంకో పట్టిక చూపించింది. పట్నాల్లో అందరికంటే అడుగున ఉన్న 5 శాతం మంది ఖర్చు తలకు 2,376. పైనున్న 5 శాతం మందిది 20,310. ఆ 2,376 ఎవరిదో నాకు మొహం కనపడినట్టే ఉంది. మా వీధిలో నాలుగిళ్ళలో పాచిపని చేసే ఆవిడ, ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు. ఆవిడ ఇంటికి సర్వే వచ్చి ఉంటే, భయపడి సగమే చెప్పి ఉంటే? సగం చెబితే ఇంకా పేదగా కనపడతారు, మంచిదే కదా అంటారు కొందరు. ఎక్కువ తినేవాళ్ళు కూడా కార్డు భయంతో తక్కువ చెబితే, నిజంగా లేనివాళ్ళకీ ఉన్నవాళ్ళకీ తేడా కనపడకుండా పోతుంది. నష్టపోయేది ఆవిడే.

ఉచితంగా వచ్చినవాటికి విలువ కట్టి కలిపిన లెక్క ఇంకొకటి ఇచ్చారు. అది కలిపినా దేశంలో పట్నాల అంకె 6,996 నుంచి 7,078 అయింది, అంతే. అందులో బియ్యం, ట్యాబ్, యూనిఫాం లాంటివి ఉన్నాయి గానీ, ఉచిత చదువుకీ ఉచిత వైద్యానికీ విలువ కట్టలేదు. అత్త ఆపరేషన్ మేము చేతి డబ్బుతో చేయించుకుని ఉంటే లక్ష దాటేది. ఆ ఏడాది మా బతుకు నిలబడింది దాని వల్ల. లెక్కలో అది కనపడదు, ఆటోలకీ మందులకీ పోయిందే కనపడుతుంది.

ఇంకొకటి నన్ను ఆలోచనలో పడేసింది. పట్నాల్లో మొత్తం ఖర్చులో తిండి వాటా 39.68 శాతం, అందులోనూ అన్నిటికంటే పెద్ద ముక్క కూరగాయలదో పాలదో కాదు, టీలు, టిఫిన్లు, చిప్స్, బయట తయారైన తిండిది, 11.09 శాతం. మా ఇంట్లోనూ అదే. మా ఆయన ఆరు టీలు, చిన్నోడి పానీపూరీ, అమ్మాయి కాలేజీ క్యాంటీను కలిపితే మా బియ్యం ఖర్చుకి మూడింతలు. ఫోన్ చేసి అడగకపోయి ఉంటే ఆ టీలు లెక్కలోకే వచ్చేవి కాదు. అందుకే చెబుతున్నాను, మీ ఇంటికి వస్తే బయట తినేవాళ్ళని కూడా ఫోన్‌లో అందుబాటులో ఉండమనండి.

ఇదంతా ఎందుకు అని అత్త అడిగితే అమ్మాయి చెప్పిన సంగతి ఇది. ధరలు పెరిగాయని టీవీలో ఒక శాతం చెబుతారు కదా, ఆ సూచీకి అప్పటిదాకా ఆధారం 2011-12 నాటి సర్వే. ఆ సూచీలో తిండికి, పానీయాలకి 45.86 శాతం వెయిటేజీ, అంటే మొత్తం లెక్కలో అంత వాటా, ఇచ్చారు. మధ్యలో 2017-18లో సర్వే చేశారు గానీ నాణ్యత బాగాలేదని ప్రభుత్వం దాని ఫలితాలు బయటపెట్టలేదు. అంటే పన్నెండేళ్ళ కిందటి వంటిల్లు పెట్టుకుని అప్పటి ధరలు కొలిచేవారు. తర్వాత వచ్చిన కొత్త సూచీకి వెయిటేజీలు మేము జవాబు చెప్పిన ఈ సర్వే నుంచే తీసుకున్నారు. రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు తేల్చేటప్పుడు ఈ ధరల లెక్క చూస్తుంది. మా బండి అప్పు వడ్డీ కూడా ఆ వడ్డీ రేట్లతోనే ముడిపడి ఉంది. అప్పు అడగలేదని నేను నొచ్చుకున్నాను గానీ, తిప్పి తిప్పి అక్కడికే వచ్చింది.

ఇది రాయడానికి ఇంకో కారణం మా తోడికోడలు. ఆమె జీవకోనలో ఉంటుంది. 2025 జనవరిలో వాళ్ళింటికి వేరే సర్వే వచ్చింది, ఉద్యోగాలూ పనుల గురించి. ఆ ఏడాది నుంచి దానికి ఎంపికైన ఇంటికి వరసగా నాలుగు నెలలు వస్తారు. మొదటిసారి వచ్చి వెళ్ళాక ఆమె నాకు ఫోన్ చేసి, నన్నేం పని చేస్తావని అడిగారక్కా, ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటానని చెప్పాను అంది. రోజూ తెల్లారుజామున మల్లెలూ కనకాంబరాలూ మూరలు మూరలు కట్టి అంగడికి ఇచ్చే మనిషి! ఆ సర్వేలో గడిచిన 7 రోజుల్లో ఒక్క గంట డబ్బు వచ్చే పని చేసినా పని చేసినట్టే లెక్క. ఇంట్లో కూర్చుని చేసినా, మొగుడి అంగట్లో చేయి సాయం చేసినా అంతే. ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చినప్పుడు చెప్పు అన్నాను. ఏ రోజు ఎన్ని గంటలు కట్టిందీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోమన్నాను, మొదటి రోజే పెన్ను తీసుకుని మొదలుపెట్టింది.